అలీగఢ్ నుండి జామియా వరకు: విద్యార్థుల రాజకీయ చైతన్యం — నాడు, నేడు

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ ధనసహాయంతో నడిచే కళాశాలను విడిచి రావలసిందిగా విద్యార్థులను కోరారు. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు ఉధృతంగా సాగుతున్న రోజులవి. ప్రభుత్వ సహాయాన్ని వదులుకోవడానికి ధర్మకర్తలు సమ్మతించలేదు. విద్యార్థులందరూ బయటికి రాలేదు. వచ్చినవారిలో హైదరాబాదులో జన్మించిన 23 ఏళ్ల జాకిర్ హుసేన్ ఒకరు.

అక్టోబరు 29న కళాశాల మసీదులో షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ జామియా మిల్లియా ఇస్లామియాకు ప్రారంభోత్సవం గావించారు. మాల్టా నిర్బంధం నుండి ఆ ఏడే విడుదలైన ఆయన తీవ్ర అస్వస్థతతో ఉన్నందున, వారి ప్రసంగాన్ని మరొకరు చదివి వినిపించారు. నవంబరు 30న ఆయన ఇహలోకం వీడారు.

1924లో ఖిలాఫత్ రద్దయింది. ఉద్యమం చల్లారింది, విరాళాలు తగ్గిపోయాయి. ఆ ఏడాదే తీర్పు చెప్పవలసి వస్తే, అలీగఢ్ విద్యార్థుల త్యాగం వృథా అయిందనే ఎవరైనా అనేవారు. కాని హకీమ్ అజ్మల్ ఖాన్ 1925లో జామియాను ఢిల్లీకి తరలించి నిలబెట్టారు. 1926లో జాకిర్ హుసేన్ జర్మనీ నుండి తిరిగివచ్చి దాని బాధ్యత స్వీకరించారు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో ఇరవై ఏళ్లు సేవ చేస్తామని ఉపాధ్యాయులు ప్రతిజ్ఞ చేశారు.

ప్రభుత్వ సహాయాన్ని తిరస్కరించి పుట్టిన ఆ సంస్థ 1988లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టాన్ని నిరసించిన దాని విద్యార్థులు సంస్థను విడిచిపోలేదు. రాజ్యాంగం తమకిచ్చిన హక్కునే అడిగారు. డిసెంబరు 15న పోలీసులు ఆవరణలోనికి, గ్రంథాలయంలోనికి సైతం ప్రవేశించారు. అనంతరం కొందరు విద్యార్థులు కేసులను, కారాగారవాసాన్ని ఎదుర్కొన్నారు. చట్టం మాత్రం నిలిచింది. 2024 మార్చిలో దాని నియమావళి కూడా వెలువడింది.

నాటివారు త్యాగధనులనీ, నేటివారు ఆవేశపరులనీ తూకం వేయడం న్యాయం కాదు. నాడు పిలుపు పెద్దల నుండి వచ్చింది. పిలిచిన మౌలానా ముహమ్మద్ అలీయే జామియాకు తొలి ఉపకులపతియై విద్యార్థులకు పాఠాలు చెప్పారు. నేడు విద్యార్థులే ముందు నడిచారు. నాటి ఉద్యమం ఓడినా దాని ఫలం మిగలడానికి కారణం, విద్యార్థుల వెనుక ఇరవై ఏళ్లు నిలిచిన ఉపాధ్యాయులు, దాతలు. కనుక ప్రశ్న నేటి విద్యార్థులకు కాదు, వారి పెద్దలకు: వీరి వెనుక ఎవరు, ఎంతకాలం నిలబడతారు?