'జిగురు' అన్న పేరు: మెదడు ఆధారకణాల అధ్యయన చరిత్రలో హైదరాబాదు

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చో 1856లో మెదడులోని బంధక పదార్థానికి 'న్యూరోగ్లియా' అని పేరు పెట్టాడు. గ్లియా అంటే గ్రీకులో జిగురు. నాడీకణాలను అంటిపెట్టి ఉంచడమే దాని పని అన్న భావన పేరుతోపాటే స్థిరపడిపోయింది. మనం వాడే 'ఆధారకణాలు', 'సహాయక కణాలు' అన్న మాటలలోనూ ఆ చిన్నచూపు మిగిలే ఉంది.

గ్లూటమేట్ నాడీకణాలను ఉత్తేజపరుస్తుందని 1950లలోనే తెలిసినా, దానిని సంకేతవాహకంగా అంగీకరించడానికి చాలామంది జంకారు. ఎసిటైల్‌కోలిన్‌ను నాడీసంధిలోనే విచ్ఛిన్నం చేసే ఎంజైము ఉంది. గ్లూటమేట్‌కు అక్కడ అటువంటిది లేదు. మరి సంకేతం ముగిసేదెలా? శంషాబాదులో దిగిన విమానం రన్‌వేను ఖాళీ చేయకపోతే వెనుక వచ్చేదానికి చోటు ఉండదు కదా!

జవాబు ఆ 'జిగురు'లోనే ఉంది. నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్లు గ్లూటమేట్‌ను లోపలికి గ్రహించి, దానికి అమ్మోనియాను జోడించి, గ్లూటమిన్‌గా మార్చి నాడీకణాలకు తిరిగి అందిస్తాయి. ఈ మార్పు చేసే గ్లూటమిన్ సింథటేజ్ ప్రధానంగా ఆస్ట్రోసైట్లలోనే ఉందని 1970ల చివర నోరెన్‌బర్గ్, మార్టినెజ్-హెర్నాండెజ్ నిరూపించారు. గ్లూటమేట్‌ను లోపలికి చేర్చే రవాణా ప్రొటీన్ల జన్యువులు 1992లో వెలుగుచూశాయి. ఆస్ట్రోసైట్ల రవాణా ప్రొటీన్లను తగ్గిస్తే కణాల వెలుపల గ్లూటమేట్ పెరిగి, నాడీకణాలు క్షీణించి, ఎలుకలకు క్రమంగా పక్షవాతం వస్తుందని 1996లో రాత్‌స్టీన్ బృందం చూపింది.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సిహెచ్. ఆర్. కె. మూర్తి ఇదే ప్రశ్నను మరో వైపునుంచి, అంటే అమ్మోనియా వైపునుంచి సమీపించారు. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడును చేరుతుంది. రోగికి మతి చెదురుతుంది, కొన్నిసార్లు కోమా వస్తుంది. మెదడులో సంపూర్ణ యూరియా చక్రం లేదు. కనుక అమ్మోనియాను వదిలించుకొనే భారమూ, గ్లూటమేట్‌ను తొలగించే భారమూ ఒకే కణంపై పడతాయి. అధిక అమ్మోనియా వల్ల గ్లూటమేట్ గ్రహణం, విడుదల ఎలా మారతాయో వి. ఎల్. రాఘవేంద్రరావుతో కలిసి ఆయన ఎలుకల చిన్నమెదడులో పరిశీలించి, 1991లో ప్రచురించారు. రాత్‌స్టీన్ ప్రయోగానికి ఇది ఐదేళ్ల ముందరి మాట. వ్యాధి నుంచి బయలుదేరిన ఈ మార్గమే, నా దృష్టిలో, ఆస్ట్రోసైట్ల ప్రాధాన్యాన్ని ఎక్కువ స్పష్టంగా చూపింది.

ఇక పారిభాషిక పదం సంగతి. 'తారాకణం' అంటే రూపం తెలుస్తుంది, పని తెలియదు. 'ఆధారకణం' పనిని చెబుతుంది, కానీ విర్చో ఊహించిన పనినే.