చెరకుతోటల మాటలో కవిత్వము: దేవ్ విరాసామి

మారిషస్ ద్వీపమున చెరకు నరికినవారు మాటాడుకొన్న పలుకుకు చిరకాలము భాష యను పేరే దక్కలేదు. పెద్దమనుష్యులు దానిని 'పత్వా' అనిరి, అనగా మోటుమాట. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి యజమానులును, ఆఫ్రికా, మడగాస్కర్‌లనుండి తేబడిన బానిసలును ఒకరితో నొకరు పలుకవలసివచ్చినప్పుడు పుట్టిన క్రియోల్ అది. 1810లో ద్వీపము ఆంగ్లేయుల వశమయ్యెను. 1834 మొదలుకొని బీహారు ప్రాంతమునుండియు, తమిళ, తెలుగు, మరాఠీ సీమలనుండియు ఒప్పంద కూలీలు ఓడలెక్కి వచ్చిరి. వారి సంతతియు క్రమముగా ఆ పలుకునే తమదిగా చేసికొనెను. న్యాయస్థానమున ఇంగ్లీషు, పత్రికలలో ఫ్రెంచి, పూజాదికములందు పూర్వికుల భాష. అంగడిలో, పొలములో, పోట్లాటలో మాత్రము క్రియోల్.

దేవ్ విరాసామి 1942లో కార్తియే మిలితేర్ అను గ్రామమున, భారతదేశమునుండి వలసవచ్చిన వారి సంతతిలో జన్మించెను. ఆ ఇంటిపేరు మన వీరాస్వామియే; అక్షరములు పరాయివైనను చెవికి పరాయిది కాదు. బాల్యమున పోలియో సోకినది. బడిలో నేర్చినవి ఇంగ్లీషు, ఫ్రెంచి. బడి వెలుపల వినబడునది బడి యెరుగని భాష. ఉన్నతవిద్యకై ఎడింబరో వెళ్ళి భాషాశాస్త్ర మభ్యసించి, 1967లో ఈ క్రియోల్‌నే పరిశోధనకు విషయముగా గైకొనెను. దీనికి వ్యాకరణము లేదన్న మాట అపోహ యని ఆ శాస్త్రమే ఆయనకు తెలిపెను. ఇది పాండిత్యవిషయముగానే మిగిలియుండవచ్చును. కాని కాలము మిగులనీయలేదు.

1968 జనవరిలో పోర్ట్ లూయీ వీథులలో క్రైస్తవ క్రియోలులకును ముస్లిములకును ఘోరమైన కొట్లాటలు జరిగినవి. మార్చి 12న దేశము స్వతంత్రమయ్యెను. పరస్పరము కత్తులు దూసిన ఆ ఇరుపక్షములు తిట్టుకొన్నది ఒకే భాషలో! మతము, జాతి వేరుచేసినవారిని కలుపగలది ఈ నీచమన్న పలుకే యని విరాసామి వాదించెను. దానిని క్రియోల్ అనరాదు, ఆ పేరు ఒక జాతిది. 'మొరిస్యె', అనగా మారిషస్ వారి భాష, అనవలెనని ఆయన పట్టుదల.

1969లో పాల్ బెరాంజే మున్నగువారితో కూడి మారిషస్ సమరవాద ఉద్యమపక్షమును స్థాపించెను. 1970లో త్రియోలే ప్రాంతపు ఉపయెన్నికలో గెలిచి శాసనసభకు పోయెను. 1971 చివర సమ్మెలు చెలరేగగా ప్రభుత్వము అత్యవసరపరిస్థితి ప్రకటించినది. 1972లో ఆ పక్షనాయకులతోపాటు విరాసామియు చెరసాల పాలయ్యెను.

ఆ దశకపు ఆయన కవితాసంపుటముల పేర్లే ఒక వాదము. 'దిసిక్ సలే' అనగా ఉప్పు కలిసిన చక్కెర. చక్కెర అమ్మి బ్రతికిన దేశమున ఆ ఉప్పు ఎవరి చెమటదో వివరింప నక్కరలేదు. మరియొకటి 'లాఫిమే దా లిజ్యే', కన్నులలో పొగ. తొలినాటి రచనలలో కొన్నిచోట్ల ఊరేగింపు నినాదము కవితను మ్రింగివేయుట కలదు. వంటింటి మాట, పొలపు మాట తమ బరువు తామే మోసినచోట ఆయన నిజముగా కవి. వ్రాతపద్ధతియు రాజకీయమే. ఫ్రెంచి వర్ణక్రమమున వ్రాసినచో ఈ భాష చెడిన ఫ్రెంచిగా కనబడును. అందువలన పలికినట్లే వ్రాసెను. చదువరులు తమ నోటి మాటను అచ్చులో చూచి తొలుత తడబడిరి.

చెరలో వ్రాసిన నాటకము పేరు 'లి'. అతడు, ఆమె యను భేదము లేని సర్వనామ మది. స్వదేశమున దాని ప్రదర్శనకు ప్రభుత్వము అడ్డుపడగా, 1981లో ఫ్రాన్సు అంతర్జాతీయ ఆకాశవాణివారి ఆఫ్రికా నాటకపోటీలో అది బహుమతి పొందెను.

2012లో మారిషస్ ప్రాథమిక పాఠశాలలలో ఈ భాష ఐచ్ఛికవిషయముగా ప్రవేశించినప్పుడు ఆయనకు డెబ్బదియేండ్లు. పిల్లలు నేర్చిన వర్ణక్రమము ఆయన తొలి పుస్తకములలోనిది కాదు. దానిని ఆయనయే పలుమారులు దిద్దుకొనియుండెను. 2023 నవంబరులో మరణించెను.