చల్లదనపు వెల

పల్నాటిసీమ ఎండను గూర్చి వేరుగా చెప్పవలసిన పని లేదు. వేసవి వార్తలలో రెంటచింతల పేరు వినని తెలుగువారు అరుదు. సత్తెనపల్లిలోను ఒకప్పుడు చల్లదనమునకు ఆధారములు మట్టికుండ, తాటాకు విసనకఱ్ఱ, కలవారి యిండ్లలో వట్టివేళ్ల తడికలు. నేడు మధ్యతరగతి యిండ్లలో సైతము ఏసీ వెలసినది. దానితోపాటు ఒక క్రొత్త వ్యయమును వచ్చినది. కంప్రెసరు చెడి మార్పించినప్పుడు, మెకానిక్కు ఇచ్చు చీటీలో యంత్రపు వెలకు తోడు 'గ్యాసు' అని వేరొక పద్దు కనబడును. 'మార్చినది కంప్రెసరు గదా, గ్యాసు ఖర్చు ఎందులకు?' అని గృహస్థు అడుగుట సహజము. దీనికి సమాధానము కొంత యంత్రములోను, కొంత చరిత్రలోను ఉన్నది.

కుండలో నీరు చల్లబడుటకును, ఏసీ గదిని చల్లబఱచుటకును మూలసూత్రము ఒక్కటియే: ద్రవము ఆవిరి యగునప్పుడు చుట్టునున్న వేడిని గ్రహించును. కుండనుండి వెడలిన ఆవిరి గాలిలో కలసిపోవును. ఏసీలోని ఆవిరిని కంప్రెసరు అదిమి వెలుపలి గొట్టములకు పంపును. అచ్చట వేడిని విడిచి అది మరల ద్రవ మగును. కావున గ్యాసు పెట్రోలువలె తరుగునది కాదు. గొట్టములలో చిల్లి లేనిచో ఏండ్ల తరబడి అదియే తిరుగుచుండును.

ఇట్టి యంత్రములు వాడుకకు రాకముందు చల్లదనము ఓడలలో వచ్చెడిది. 1833లో బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు అమెరికాలోని మంచుగడ్డలను కలకత్తాకు పంపెను. ఆ వ్యాపారమునకై మద్రాసు సముద్రతీరమున కట్టిన 'ఐస్ హౌస్' భవనము నేటికిని నిలిచి యున్నది. 1897లో వివేకానందస్వామి బస చేసినది అందులోనే.

1902లో విల్లిస్ క్యారియరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయములో గాలి తేమను అదుపుచేయుటకు ఒక యంత్రమును రూపొందించెను. నేటి ఏసీకి మూలపురుషుడు అతడే. ఆ కాలపు శీతలయంత్రములలో వాడిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు విషవాయువులు, కారినచో ప్రాణాపాయము. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందము మండనిది, విషము కానిది యగు ఫ్రియాన్ వాయువును సిద్ధము చేసెను. ఆ వంశములోని ఆర్-22 అనేక దశాబ్దములు ఇంటి ఏసీలను నడపెను.

కాని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు, ఇట్టి వాయువులలోని క్లోరిను ఆకాశమున ఓజోను పొరను తినివేయునని హెచ్చరించిరి. 1985లో అంటార్కిటికాపై ఆ పొర పలుచబడుట వెల్లడి యయ్యెను. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1992లో భారతదేశము అందులో చేరెను. ఆ ఒడంబడిక ననుసరించి మన దేశమున ఆర్-22 వాడుక 2030 నాటికి దాదాపు అంతరింపవలెను. దాని స్థానమున వచ్చిన ఆర్-410ఏ, ఆర్-32 వాయువులు ఓజోనుకు హాని చేయవు గాని, భూమిని వేడెక్కించును. ఒక కిలో ఆర్-410ఏ గాలిలో కలసిన, రెండువేల కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. అందుచేతనే 2016లో కిగాలీలో మరియొక ఒప్పందము జరిగెను. 2021లో భారతదేశము దానిని ఆమోదించెను.

ఇక చీటీకి వత్తము. కంప్రెసరు మార్చవలెనన్న గొట్టములను విప్పక తప్పదు. లోపలి గ్యాసును వెలికి తీయక తప్పదు. మోటారు కాలి చెడినచో నూనెలో ఆమ్లము పుట్టి గ్యాసును చెఱచును. పిమ్మట క్రొత్త వడపోత అమర్చి, అతికి, నత్రజనితో చిల్లులు పరీక్షించి, గాలిని తేమను పంపుతో పీల్చివేసి, యంత్రపు పలకపై వ్రాసియున్న తూకము ప్రకారము గ్యాసు నింపవలెను. ఇంటి ఏసీకి పట్టునది కిలోకు అటునిటు మాత్రమే. పద్దులో కనబడునది గ్యాసు వెల ఒక్కటియే కాదు, ఈ శ్రమయంతయు.

పాత ఆర్-22 యంత్రము గలవారికి చిక్కు మఱింత హెచ్చు. సరఫరా తగ్గుచున్న వస్తువు చౌకగా దొరకదు. క్రొత్త గ్యాసును అందు నింపుదమన్న, ఆర్-410ఏ ఒత్తిడి సుమారు ఒకటిన్నర రెట్లకు మించినది. దాని నూనెయు వేఱు. ఆర్-32కు కొంత మండు గుణము కలదు. కావున కంప్రెసరు కొనుటకు ముందే గృహస్థు మూడు ప్రశ్నలు అడుగుట మేలు: పలకపై ఏ గ్యాసు పేరున్నది? ఎన్ని గ్రాములు తూచి నింపుదురు? పాత గ్యాసును పట్టి సిలిండరులో నింపుదురా, గాలికి విడుతురా? మొదటి రెండును ఇంటి డబ్బును కాపాడును. మూడవది, ఎండలో పనిచేయు మిరప కూలీకిని, ఏసీ లేని పొరుగింటికిని సంబంధించినది.