రంపా పితూరీ పాఠం: అంతర్జాలంలో ఆకరాల అన్వేషణ

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో రంపా పితూరీ అని కూడా పిలిచే 1922–24 నాటి గూడెం కొండల తిరుగుబాటు చూస్తుండగానే అయిపోతుంది. మిగతాది తెలుసుకుందామని విద్యార్థి ఫోను తీస్తే ముందు ఎదురయ్యేది సినిమా: 1974 నాటి కృష్ణ చిత్రం, లేదా 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’. మూలపత్రాలూ అంతర్జాలంలో ఉన్నాయి, చాలావరకు ఉచితంగానే. అయినా చేతికి అందవు. మనం ఇవాళ్టి పేర్లతో వెతుకుతాం. ఆ కాగితాలు మాత్రం వాటిని రాసిన కచేరీ వాడిన పేర్లతోనే జాబితాకెక్కాయి. బడిలో ముందుగా నేర్పవలసింది ఈ తేడానే అని ఈ వ్యాసం వాదన.

చింతపల్లి ఇప్పుడు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 1922లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ ఏజెన్సీ. నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’లో హోం శాఖ రాజకీయ విభాగపు ఫైళ్లు వెతికేటప్పుడు తిరుగుబాటు నాయకుడు సీతారామరాజు ఇంటిపేరైన ‘అల్లూరి’ మీద ఆశలు పెట్టుకోకూడదు. ‘రంపా’, ‘గూడెం’, ‘ఏజెన్సీ’, ఆంగ్లంలో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే ‘ఫితూరి’ అన్నవి ఒక్కొక్కటిగా ప్రయత్నించాలి. విశాఖపట్నాన్ని కూడా దొరలు రాసిన ‘వైజాగపటం’ అక్షరక్రమంతోనే అడగాలి.

తరగతికి అన్నిటికన్నా పనికొచ్చేవి పాత జిల్లా గెజిటీర్లు. విశాఖపట్నం మీద ఫ్రాన్సిస్, గోదావరి మీద హెమింగ్వే 1907లో వెలువరించిన సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. అంతకుముందటి, 1879 నాటి రంపా తిరుగుబాటుకు కారణాలు చెబుతూ హెమింగ్వే ఆ ప్రాంతపు పాలకుడైన మన్సబుదారు దుష్పరిపాలనను ముందుకు తెస్తాడు. ఆ వెంటనే చిగురుపన్ను (కల్లుగీత మీద పన్ను), కొత్త అబ్కారీ నిబంధనలు, పోలీసుల దౌర్జన్యం, మైదాన వర్తకుల మోసాలు వరుస కడతాయి. రాసినవాడు సర్కారు ఉద్యోగి. తప్పు మన్సబుదారు నెత్తిన వేయడం అతనికి సులువు. ఆ మన్సబుదారుకు ఇన్నాళ్లూ దన్నుగా నిలిచింది ఎవరని విద్యార్థులను అడిగితే చాలు, పాఠం దానంతటదే నడుస్తుంది. దీని పక్కన 1922 నాటి ఫిర్యాదులు పెట్టి చదివించాలి: అడవి చట్టాలు, పోడు వ్యవసాయం మీద ఆంక్షలు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చేయించిన చాకిరీ. నలభై ఏళ్లలో ఏది మారిందో, ఏది మారలేదో పిల్లలే తేల్చుకుంటారు.

ఇలాంటి ఆంగ్ల పుస్తకాల స్కాన్‌లలో పదాన్ని కొట్టి వెతకవచ్చు. తెలుగు స్కాన్‌ల దగ్గర ఆ సౌకర్యం మీద ఆధారపడలేం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఎక్కించినవారి ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. రచయిత పేరును నాలుగైదు రకాలుగా రాసి చూడటం తప్ప దారి లేదు. తెలుగు వికీసోర్సులో అచ్చుతప్పులు దిద్ది ఎక్కించిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. అక్కడ మాత్రం పని హాయిగా సాగుతుంది.

పత్రికల సంగతి వేరు. ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలోకి తెచ్చిన ‘ఆంధ్రపత్రిక’ పుటలు బొమ్మలుగా ఉన్నాయి కనుక తేదీ తెలిస్తేనే లోపలికి దారి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపారు. ఈ తేదీల తర్వాతి సంచికలు తిరగేయిస్తే పక్క వార్తలూ ప్రకటనలూ కూడా కళ్లబడతాయి. నా దృష్టిలో ఇది నష్టం కాదు. సర్కారు వెబ్‌సైట్ల చిరునామాలు మారిపోతుంటాయి కాబట్టి దొరికిన పుటను తేదీతో సహా అప్పుడే భద్రపరచుకోవాలి.

ఈ తిరుగుబాట్ల మీద వచ్చిన పరిశోధనల్లో డేవిడ్ ఆర్నాల్డ్ 1982 వ్యాసం, ‘సోషల్ సైంటిస్ట్’లో అట్లూరి మురళి 1984 వ్యాసం ఉపాధ్యాయుడు ముందే చదివి ఉంచుకోవాలి.

ఇన్ని ఆకరాల్లోనూ కొండవాళ్లు తమ మాటగా చెప్పుకున్నది బహు తక్కువ. సీతారామరాజు అనుచరులైన గాం గంటందొర, మల్లుదొర సోదరులు మనకు కనిపించేది ఎక్కువగా పోలీసుల రాతల్లోనే. మల్లుదొర మాత్రం శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అందుకని ఆయన జాడ కోసం పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో మొదటి లోక్‌సభ దస్త్రాలు కూడా చూడాలి. ‘గాం’, ‘మల్లు’, ‘దొర’ విడివిడిగానూ కలిపీ ఆంగ్లంలో ఎన్ని రకాలుగా రాయవచ్చో విద్యార్థుల చేత ముందే ఒక పట్టిక వేయించి, ఆ తర్వాతే వెతకడానికి కూర్చోబెట్టాలి.