ఎందుకు రాలేదని అడిగేవాళ్లు కావాలి (జైలు చరిత్ర - 6వ భాగం)

మా గేరిలో ఒక పిల్లోడున్నాడు. పేరు వద్దు. ఊళ్లో జరిగిన కొట్లాట కేసులో అరెస్టయి బెయిల్ మీద బయటికొచ్చాడు. షరతు ఒకటే: ప్రతి ఆదివారం స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలి. ఇంతలో సుగ్గి కాలం వచ్చింది. మా కర్నూలు పడమటి పల్లెల్లో సుగ్గి అంటే ముసలోళ్లను ఇంటికి కాపలా పెట్టి, మిగిలినవాళ్లంతా గుంటూరు మిరప చేలకు కూలికి పోవడం. అమ్మానాన్నలతో పాటు వాడూ పోయాడు. మూడు ఆదివారాలు రిజిస్టర్లో సంతకం పడలేదు. బెయిల్ రద్దు చేయమని కోర్టులో పిటిషన్ పడింది.

కోర్టు వరండాలో వాడు నన్నడిగాడు: "అన్నా, నేను మళ్లా ఏ తప్పూ చేయలేదు. మిరపకాయలు తెంపినా, అంతే. దానికి జైలా?"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు వెతుకుతూ పోతే అమెరికా కోర్టుల చరిత్రలోకి వెళ్లాల్సి వచ్చింది. షరతు మీద బయట ఉన్న మనిషిని మళ్లీ లోపలికి పంపే ముందు అతని మాట వినాలా, అతని పక్కన వకీలు ఉండాలా అన్న సంగతి అక్కడ ఏళ్ల తరబడి నలిగింది. ఆ పోరాటం నడిపినవాళ్లు పేరున్న నాయకులు కాదు, మామూలు ఖైదీలు.

ముందు రెండు మాటలు అర్థం చేసుకుందాం. మన దగ్గర పెరోల్ అంటే ఖైదీకి కొన్నాళ్లు ఇచ్చే సెలవు. అమెరికాలో పెరోల్ అంటే గడువుకు ముందే విడుదల చేసి, మిగిలిన శిక్షను అధికారి నిఘాలో బయట గడపనివ్వడం. ప్రొబేషన్ అంటే అసలు జైలుకే పంపకుండా నిఘాలో ఉంచడం. రెండింటికీ షరతులుంటాయి. షరతు తప్పితే మళ్లీ జైలు.

1959లో వాషింగ్టన్ రాష్ట్రం స్పోకేన్‌లో జెర్రీ మెంపా అనే 17 ఏళ్ల కుర్రాడి కేసు చూడండి. పరాయివాళ్ల కారు తోలుకుపోయిన కేసులో ప్రొబేషన్ ఇచ్చారు. కొన్ని నెలలకే దొంగతనంలో పాలుపంచుకున్నాడని ప్రొబేషన్ రద్దు చేయమన్నారు. విచారణకు పిల్లాడి పక్కన మారుతండ్రి ఉన్నాడు కానీ వకీలు లేడు. వకీలు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు. దొంగతనంలో ఉన్నావా అంటే ఉన్నానన్నాడు. అంతే, పదేళ్ల శిక్ష.

ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి 1967 అయింది. తీర్పు రాసింది తుర్గూడ్ మార్షల్. స్కూళ్లలో నల్లపిల్లల్ని వేరుగా కూర్చోబెట్టడాన్ని 1954లో కోర్టులో ఓడించిన వకీలు ఆయనే. ఆ కోర్టులో కూర్చున్న మొదటి నల్లజాతి న్యాయమూర్తీ ఆయనే. జడ్జిగా ఆయన రాసిన మొట్టమొదటి తీర్పు ఇది. ప్రొబేషన్ రద్దు చేసి శిక్ష ఖరారు చేసే చోట వకీలు ఉండి తీరాలని అన్నారు.

మరి శిక్ష ముందే ఖరారై, పెరోల్ మీద బయట ఉన్నవాళ్ల సంగతి? అయోవా రాష్ట్రంలో జాన్ మోరిసీ తప్పుడు చెక్కుల కేసులో శిక్ష పడి, 1968లో పెరోల్ మీద వచ్చాడు. ఏడు నెలలకు మళ్లీ పట్టుకున్నారు. మారుపేరుతో కారు కొని అనుమతి లేకుండా నడిపాడని, మారుపేరుతో అప్పు తీసుకున్నాడని, ఉంటున్న చోటు అధికారికి చెప్పలేదని ఆరోపణలు. పెరోల్ అధికారి ఒక రిపోర్టు రాశాడు. బోర్డు ఆ రిపోర్టు చూసి వారంలో పెరోల్ రద్దు చేసింది. బోర్డు మోరిసీని పిలిచి విచారణ జరపనే లేదు.

ఇలాంటి చోట్ల ప్రభుత్వాల వాదన ఎప్పుడూ ఒకటే: పెరోల్ మా దయ, హక్కు కాదు; ఇచ్చినవాళ్లం తీసుకుంటాం. దయ అనే మాట మనకు కొత్త కాదు. మన తాతలకు కూలి గింజలు దయ, బావి నీళ్లు దయ, బడి అరుగు దయ. దయ అన్నచోట ప్రశ్న ఉండదు.

1972 జూన్ 29న సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. బయటికొచ్చిన మనిషి పని చేసుకుంటున్నాడు, పెళ్లాంబిడ్డలతో ఉంటున్నాడు. షరతులున్నా అది స్వేచ్ఛే. తీసుకోవాలంటే పద్ధతి ఉండాలి. ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వాలి. సాక్ష్యం చూపాలి. అతని మాట, అతని సాక్షుల మాట వినాలి. బలమైన కారణం ఉంటే తప్ప, ఎదుటి సాక్షులను ప్రశ్నించనివ్వాలి. వినేవాళ్లు తటస్థులై ఉండాలి. కారణాలు రాసివ్వాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: చూడాల్సినవి రెండు ప్రశ్నలు. షరతు తప్పాడా? తప్పినా, జైలుకు పంపాల్సినంత కారణం ఉందా?

మా పిల్లోడి కేసంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

వకీలు సంగతి మాత్రం ఆ రోజు తేల్చలేదు. మరుసటి ఏడు, 1973లో, గాగ్నన్ వర్సెస్ స్కార్పెల్లీ కేసులో తేల్చారు. ఎలా? ప్రభుత్వ ఖర్చుతో వకీలు అందరికీ అక్కర్లేదట, కేసు కేసుకూ చూడాలట. షరతు తప్పలేదని గానీ, తప్పడానికి బలమైన, తేలికగా వివరించలేని కారణం ఉందని గానీ ఎవరైనా అడిగితే అప్పుడు ఆలోచించాలట. ఆ మనిషి తనకు తానుగా మాట్లాడుకోగలడా లేదా అన్నదీ చూడాలట.

ఇందులో మెలిక గమనించారా? వకీలు కావాలంటే, వకీలు ఎందుకు కావాలో వకీలులా చెప్పుకోవాలి. చదువు రానివాడు, భయపడి నోరు పెగలనివాడు అక్కడే ఆగిపోతాడు. మార్షల్ తెరిచిన తలుపును కోర్టు సగానికి మూసింది.

వకీలు దొరికితే ఏం మారుతుందో 1983 నాటి బేర్డెన్ కేసు చెప్తుంది. జార్జియాలో డానీ బేర్డెన్‌కు ప్రొబేషన్ ఇచ్చి, జరిమానా, నష్టపరిహారం కలిపి 750 డాలర్లు కట్టమన్నారు. మనిషికి చదవను రాదు. అమ్మానాన్నల దగ్గర అప్పు చేసి 200 కట్టాడు. తర్వాత ఉద్యోగం పోయింది. మిగిలింది కట్టలేదని ప్రొబేషన్ రద్దు చేసి జైలుకు పంపారు. సుప్రీంకోర్టు అన్నది ఇదీ: ఎందుకు కట్టలేదో ముందు విచారించాలి. నిజంగా ప్రయత్నించీ కట్టలేకపోయినవాణ్ని వేరే దారి చూడకుండా జైల్లో పెడితే, అది పేదరికానికి వేసిన శిక్షే.

ఇదంతా దూరదేశం కథ అనుకోకండి. మన నేల మీద ఏ నేరమూ చేయకుండానే హాజరు రిజిస్టర్లో బతికిన జాతులున్నాయి. 1871లో బ్రిటిష్‌వాళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చారు. ఒక తెగను నేరస్త తెగగా ప్రకటిస్తే ఆ ప్రకటనను కోర్టులో ప్రశ్నించే వీలే లేకుండా ఆ చట్టంలో రాసుకున్నారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను పెట్టిన సెటిల్‌మెంట్ 1913 నాటిది. ఇలాంటి చోట్ల హాజరు పలకాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి. పాసు లేకుండా కూలికి పోయినా నేరమే. చట్టం 1952లో దేశమంతా రద్దయింది. కానీ సంతకం పడని ప్రతి గడిలోనూ నేరాన్నే చూసే ఆ చూపు రద్దయిందా?

మన చేతిలో ఏముంది? 1949 సెప్టెంబరులో బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో ప్రవేశపెట్టిన కొత్త అధికరణమే ఇప్పటి 22. అరెస్టయినవారికి వకీలును పెట్టుకునే హక్కు అందులో ఉంది. 1976లో ఉచిత న్యాయ సహాయం చెప్పే 39ఏ చేరింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తారు. ఇది దయ కాదు, అడగండి. జిల్లా కోర్టులోనే న్యాయ సేవల సంస్థ ఆఫీసు ఉంటుంది, కాగితం మీద రాసి అడగండి.

ఊరు విడిచేముందే షరతు మార్చమని పిటిషన్ వేయించండి. అది కుదరకపోతే బస్సు టికెట్, ఆసుపత్రి చీటీ, కూలి లెక్క, ఏదీ పారేయకండి. పెరోల్ మీద వచ్చి గడువు దాటినవాళ్లకూ ఇదే మాట.

మా పిల్లోడికి అలా వచ్చిన వకీలమ్మ వాళ్లమ్మను ఒకటే అడిగింది: "పని చేసినట్టు ఏమైనా రాత ఉందా?" మేస్త్రీ కూలి పుస్తకం తెప్పించాం. ఆ ఆదివారాల ఎదురుగా వాడి పేరు, తెంపిన మిరప తూకం ఉన్నాయి. జడ్జిగారు ఆ పేజీ చూసి మొదటిసారి వాణ్నే అడిగారు, ఎందుకు రాలేదని. వాడు చెప్పాడు. బెయిల్ నిలిచింది. సంతకం నెలకొకసారి అయింది.

అదే రోజు అదే వరండాలో ఇంకో మనిషిని ఎస్కార్ట్ వాళ్లు తీసుకుపోతుంటే చూశాను. ఆయన పక్కన ఎవరూ లేరు. ఆయన ఎందుకు రాలేదో నాకిప్పటికీ తెలియదు.

లా చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నెలకొక పూట ఆ వరండాలో కూర్చోండి. అడగండి.

వచ్చే భాగంలో స్టువర్టుపురం.

జై భీమ్.