ప్యాక్‌రాట్ మిడెన్లు

ఉత్తర అమెరికా ఎడారుల్లో ప్యాక్‌రాట్లు (నియోటోమా ప్రజాతి ఎలుకలు) గుహల్లో, రాతి చరియల కింద పోగుచేసిన ప్రాచీన కుప్పలను ప్యాక్‌రాట్ మిడెన్లు అంటారు. రేడియోకార్బన్ పద్ధతి లెక్కగట్టగల గరిష్ఠ పరిమితి, అంటే సుమారు 50,000 ఏళ్లు, దాటినవి కూడా వీటిలో ఉన్నాయి.

ఏర్పడే తీరు

గూటి చుట్టూ కొన్ని పదుల మీటర్ల దూరంలో దొరికే పుల్లలు, ఆకులు, గింజలు, ముళ్లు, ఎముకలను ఎలుక తెచ్చి పోస్తుంది. దాని మూత్రం పొడిగాలికి ఆరి, స్ఫటికాలు కట్టి, వాటన్నిటినీ గట్టి ముద్దగా బిగిస్తుంది. వాన తగలనంతకాలం అది చెడదు. గతకాలపు చెట్లను తెలిపే మరో ఆధారమైన పుప్పొడి గాలికి ఎక్కడినుంచో కొట్టుకురావచ్చు. మిడెన్‌లోని ఆకు మాత్రం ఆ చుట్టుపక్కల చెట్టుదే.

చరిత్ర

1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు బయలుదేరిన ఒక బృందం, నెవాడాలో కొండపక్కన కనబడిన మెరిసే ముద్దలను ఆకలికి తాళలేక తిన్నదని ఆ బృందంలోని విలియం లూయిస్ మ్యాన్లీ రాశాడు. తియ్యగానే ఉన్నా, తిన్నవారికి కడుపులో తిప్పింది. అవి మిడెన్లేనని నేటి పరిశోధకుల అభిప్రాయం.

శాస్త్రీయ అధ్యయనానికి పునాది వేసినవారు ఫిలిప్ వెల్స్, క్లైవ్ జోర్గెన్‌సెన్. నెవాడాలోని ఫ్రెంచ్‌మన్ ఫ్లాట్ సమీపంలో, ఇప్పుడు జూనిపర్ చెట్టే లేని గుట్టల మీది మిడెన్లలో వారికి జూనిపర్ కొమ్మలు, గింజలు దొరికాయి. మంచు యుగంలో అక్కడ అడవి ఉండేదని 1964లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. తర్వాత జూలియో బెటాన్‌కోర్ట్, థామస్ వాన్ డెవెండర్ న్యూమెక్సికోలోని చాకో కాన్యన్ మిడెన్లను పరిశీలించారు. అక్కడి పిన్యాన్, జూనిపర్ చెట్లు తరిగిపోవడానికి పూర్వ ప్యూబ్లో ప్రజల వంటచెరకు అవసరాలు ఒక కారణమని 1981లో ప్రతిపాదించారు.

1995లో పరిశోధన జీవపరిణామం వైపు మళ్లింది. ఎలుక ఎంత పెద్దదైతే పెంటిక అంత లావుగా ఉంటుంది. ఈ ఆధారంతో ఫెలిసా స్మిత్ బృందం మిడెన్లలో దొరికిన, గత 25,000 ఏళ్లకు చెందిన పెంటికలను కొలిచి, చలికాలాల్లో ఎలుకలు పెద్దవిగా, వేడికాలాల్లో చిన్నవిగా మారాయని చూపింది. 2002లో చిలీలోని అటకామా ఎడారిలో, వేరే జాతి ఎలుకలు కట్టిన 11,700 ఏళ్లనాటి మిడెన్ నుంచి డీఎన్ఏ విశ్లేషణ ఫలితాలు వెలువడ్డాయి.

పరిమితులు

ఎలుక తనకు నచ్చినవే ఎక్కువగా తెస్తుంది. పైగా ఒకే కుప్పలో వేర్వేరు కాలాల పొరలు ఉండవచ్చు. అందుకే పరిశోధకులు ఒక్కో పొరకు విడిగా వయసు కట్టి, ఒక ప్రాంతంలోని అనేక మిడెన్లను పోల్చిన తర్వాతే నిర్ణయానికి వస్తారు.