హోసూరు సీమలో మద్యనిషేధము – బాలురకు మద్యము చేరు మార్గము

నేడు కృష్ణగిరి జిల్లాలో నున్న హోసూరు 1937 నాటికి సేలము జిల్లాలోని తాలూకా. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్రాసు ప్రెసిడెన్సీలో మొట్టమొదట మద్యనిషేధము నమలుపరచినది సేలము జిల్లాయందే. కనుక ఇచట తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు ఆ ప్రయోగమును తొలుత చూచినవారిలో నున్నారు. చట్టము లెన్నిసార్లు మారినను పిల్లల చేతికి మద్య మెట్లు చేరుచు వచ్చినదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

నిషేధమునకు పూర్వము కల్లు, సారాయి అంగళ్ళను ప్రభుత్వము వేలము వేయుచుండెను. కొనువాని వయస్సు విచారించుటవలన పాటదారునకు లాభము లేదు. 1948లో ప్రెసిడెన్సీ యంతటను వ్యాపించిన నిషేధము 1971లో సడలి, 1974లో మరల వచ్చినది. 1981లో కల్లు, సారాయి అంగళ్ళు తిరిగి తెరువబడి 1987లో మూతపడినవి.

ఆ అంగళ్ళు తెరచియున్న కడపటి దినములలో నే నారేండ్ల బాలుడను. సాయంకాలమున పెద్దలు చెంబును, చిల్లరయు నిచ్చి కల్లు తెమ్మని నన్ను పంపుచుండిరి. అంగడివాడు "ఎవరింటి పిల్లవాడవు?" అనుటయే గాని వయస్సడిగి యెరుగడు. ఒకనాడు దారిలో ఒక గుక్క త్రాగితిని. ఇంట కనిపెట్టిరి, నవ్విరే గాని మందలింపలేదు.

2003 నవంబరులో చిల్లర అమ్మకము 1983లో స్థాపింపబడిన ప్రభుత్వ సంస్థయగు టాస్మాక్ వశమైనది. 21 ఏండ్లు నిండనివారికి అమ్మరాదని నిబంధన గలదు. అయినను విద్యార్థి అంగడికి పోనక్కరలేదు. వయస్సు వచ్చిన స్నేహితుడో, అన్న వరుసవాడో, చిల్లర కాశపడు దారినపోవు వాడో క్వార్టరు సీసా కొని తెచ్చి యిచ్చును. పెండ్లిండ్లలో, జాతరలలో పెద్దలు మిగిల్చిన సీసాయే చాలును. నాడు పెద్దలు పిల్లవానిని అంగడికి పంపిరి. నేడు పిల్లవాడు పెద్దవానిని పంపుచున్నాడు.

2023లో తమిళనాడు ప్రభుత్వము 500 అంగళ్ళను మూసినది. బడులకు, గుడులకు దగ్గరనున్నవియు వానిలో గలవు. మంచిదే. కాని అంగడి దూరమైనంత మాత్రమున తెచ్చి యిచ్చు చేయి దూరము కాదు.

కొన్నాళ్ళ క్రిందట పదవ తరగతి బాలుని సంచిలో సీసా దొరకినది. ఎవరు కొనిపెట్టిరని యడిగితిని. చాలసేపు తల వంచుకొని "మా మామ, సార్" అనెను. నా చెంబు నాకు జ్ఞప్తికి వచ్చినది. బాలుని దండింపలేకపోతిని; ఆ మామను పిలిపించి మాటాడితిని. ఆయనయు నవ్వెను. అంగళ్ళకన్న ముందు మనము మాన్పవలసినది ఆ నవ్వును.